సగటుకు దొరకని తప్పు

డిజిటల్ టెలిఫోన్‌లో మన గొంతు సెకనుకు 8,000 నమూనాలుగా మారి వెళ్తుంది. అంటే ప్రతి 125 మైక్రోసెకన్లకు ఒకటి. పంపే ఎక్స్ఛేంజి గడియారం అందుకునే ఎక్స్ఛేంజి గడియారం కంటే రవ్వంత వేగంగా నడిచినా, అవతల నమూనాలు పేరుకుపోతాయి. నిల్వ చేసే చోటు నిండగానే ఒక ఫ్రేము మొత్తాన్ని వదిలేయాల్సి వస్తుంది. దాన్నే ఇంజినీర్లు ‘స్లిప్’ అంటారు. మాటల్లో అది టక్‌మనే చిన్న చప్పుడు. ఫ్యాక్స్‌లో అయితే ఏకంగా కొన్ని వరుసలు చెడిపోతాయి.

ఈ తిప్పలు తప్పించింది సీజియం గడియారం. 1955లో ఇంగ్లండులోని టెడింగ్టన్‌లో లూయీ ఎసెన్, జాక్ ప్యారీ దాన్ని నడిపించారు. 1967లో సెకనుకు నిర్వచనమే మారింది: సీజియం పరమాణువు 9,19,26,31,770 కంపనాలు. టెలికాం ప్రమాణం ప్రకారం నెట్‌వర్క్‌కు మూలమైన గడియారంలో తేడా పది వేల కోట్లలో ఒక వంతు దాటకూడదు. అలాంటివి రెండు ఎదురెదురు దిశల్లో తప్పినా, 70 రోజులకు పైగా గడిస్తేగానీ ఒక్క స్లిప్ రాదు.

అయితే గడియారం తప్పును ఇంకో గడియారంతో పోల్చి మాత్రమే కొలవగలం. రెండింటి సంకేతాల మధ్య ఎడాన్ని ఎడతెగకుండా నమోదు చేస్తూ పోవాలి. ఆ అంకెల్ని మామూలు గణాంకాలతో తూచబోతే, కొలిచేకొద్దీ ఫలితం నిలకడ లేకుండా పెరుగుతూ పోయేది. 1966లో అమెరికాలో డేవిడ్ అలన్ పక్కపక్క సగటుల తేడాను లెక్కగట్టి ఆ చిక్కు విప్పాడు. టెలికాం వాళ్లు దానికి ఎంటీఐఈ అనే ఇంకో కొలతను జోడించారు: ఎంచుకున్న వ్యవధిలో ఎడం అత్యధికంగా ఎంత మారిందో అది చెబుతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా నిక్కచ్చి కొలత ఇదే. ఫ్రేము జారిపోయేది సగటు క్షణంలో కాదు, అన్నిటికన్నా చెడ్డ క్షణంలో.

2016 జనవరి 26న అలాంటి క్షణమే వచ్చింది. పాత జీపీఎస్ ఉపగ్రహమొకదాన్ని విరమింపజేసినప్పుడు, నేలమీది నియంత్రణ కేంద్రంలోని సాఫ్ట్‌వేర్ లోపంవల్ల కొన్ని ఉపగ్రహాలు 13.7 మైక్రోసెకన్ల తప్పు సమయాన్ని ప్రసారం చేశాయి. దారి వెతుక్కునేవారికి ఇబ్బంది రాలేదు. ఆ ఉపగ్రహాల నుంచి సమయం తీసుకునే టెలికాం పరికరాల్లో మాత్రం అలారాలు మోగాయి. ఒకే పౌనఃపున్యంపై వంతులవారీగా పంపుతూ, అందుకుంటూ ఉండే 4జీ, 5జీ టవర్లకు అనుమతించే తప్పు 1.5 మైక్రోసెకన్లే. ఆ ఏడాదే వచ్చిన కొత్త ప్రమాణం ఉపగ్రహ సమయానికి సీజియం గడియారాన్ని జతచేసింది. ఉపగ్రహ సంకేతం పోయినా 14 రోజులపాటు 100 నానోసెకన్లకు మించి తప్పకూడదని షరతు పెట్టింది.