ఎడమ కిటికీ ఎండ

బాల్కొండ నుంచి పొద్దున్నే కారులో హైదరాబాద్ బయల్దేరితే ఎండ ఎడమ కిటికీలోంచి పడుతుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడూ ఎడమ కిటికీలోంచే. 44వ నంబరు జాతీయ రహదారి ఇక్కడ దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది కాబట్టి, పోయేటప్పుడు తూర్పు, వచ్చేటప్పుడు పడమర ఎడమ చేతికే వస్తాయి. రోడ్డు వారకు దిగడం సులువని చంటిపిల్ల తల్లిని కూర్చోబెట్టేదీ ఆ పక్కే. పోనూ రానూ ఎండంతా పాప మీదే.

ఆర్మూర్‌లో నిజామాబాద్, బోధన్ వైపు మళ్లితే లెక్క మారుతుంది. పొద్దున పడమటికి పోతుంటే సూర్యుడు వెనకుంటాడు, పెద్దవాళ్లకు హాయి. చంటిపిల్లల సీటును మాత్రం ముఖం కారు వెనక్కి ఉండేలా బిగిస్తారు. వెనకద్దంలోంచి వచ్చే ఎండ నేరుగా వాళ్ల కళ్లలో పడుతుంది. (ఒళ్లో పెట్టుకుంటే పోలేదా అంటారేమో. 2019 మోటారు వాహనాల చట్ట సవరణ 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో తప్పనిసరి చేసింది.) ఇక బాల్కొండ ఉన్నది సుమారు 18.9 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. అందుకే మే నెల నడిమిలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన నిలుస్తాడు. అప్పుడు కిటికీలోంచి ఎండ పెద్దగా రాదు కానీ కారు పైకప్పు పెనంలా కాలుతుంది.

"అద్దాలెక్కించినం, ఏసీ ఏసినం, ఇంకేంది?" అంటారు ఇంట్లో పెద్దలు. అద్దాలన్నీ ఒక్కటి కావు. ముందద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. పక్క అద్దం మామూలుగా ఒంటి పలకే. 2016లో అమెరికాలో 29 కార్ల మీద చేసిన పరిశీలనలో అతినీలలోహిత 'ఎ' కిరణాలను ముందద్దాలు సగటున 96 శాతం ఆపాయి, పక్క అద్దాలు 71 శాతమే. ఒక కారులోనైతే 44 శాతమే ఆగాయి. చర్మం లోతుకు దిగేవి ఈ కిరణాలే. ఆరు నెలల్లోపు పిల్లలకు సన్‌స్క్రీన్ కన్నా నీడే మేలని శిశువైద్యులు చెబుతారు.

ఇంతకన్నా గట్టి చిక్కు వేడిది. గాజు దాటి వచ్చిన ఎండ సీట్లను, డాష్‌బోర్డును కాలుస్తుంది. అవి తిరిగి వదిలే వేడి గాజును దాటి బయటకు పోలేదు. పసివాళ్లకు బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, చెమట తక్కువ. పెద్దల ఒంటికన్నా వాళ్ల ఒళ్లు మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది.

అందుకే టువ్వాలో కొంగో పాప ముఖం మీదుగా కప్పేయడమంటే నాకు ఎండకన్నా ఎక్కువ భయం. గాలి ఆగిపోతుంది, లోపల వేడి పేరుకుంటుంది, ముఖం ఎర్రబడినా పైకి కనిపించదు. నీడ పాప మీద కాదు, ఎండ వచ్చే దారిలో ఉండాలి.

అలాగని అద్దాలకు నల్ల ఫిల్ము అంటిద్దామంటే 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు కాదంది. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్నది నిబంధన. అంగట్లో దొరికే జాలీ తెరలు వేసి తీసేవే అయినా, అద్దానికి ఏదీ అంటించరాదన్న ఆ తీర్పు మాట వాటికీ వర్తిస్తుందని పోలీసులు అడ్డు చెప్పొచ్చు. ఖర్చు లేని ఉపాయం సీటు మార్చడం. హైదరాబాద్ ప్రయాణమైతే పాపను కుడి పక్కకో, సీటు సరిగ్గా బిగిసేట్టయితే నడిమికో మార్చండి. బోధన్ దారికి సీటు మీది గొడుగును ముందుకు లాగండి. వేసవిలో ఎనిమిదికల్లా చేరేలా బయల్దేరండి.

చాలా చిన్న కార్లలో వెనక సీటుకు వేరే ఏసీ గాలి ఉండదు. ముందు కూర్చున్నవాళ్లు చలి అంటున్నా వెనక పాపకు ఉక్కపోస్తుండవచ్చు. చేతులు, కాళ్లు కాదు, మెడ వెనక తడిమి చూడాలి. పాలు తరచుగా పట్టాలి, అదీ బండి ఆపి.

ఎండలో ఆపిన కారులో గంటలో వేడి మరో 22 డిగ్రీల దాకా పెరుగుతుంది. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. అద్దం కాస్త దించినా పెద్ద తేడా రాదు. ఆర్మూర్‌లో చాయ్‌కి ఆగినా, నిద్రపోతోంది కదా అని పాపను కారులో వదలకండి, ఎత్తుకునే దిగండి.