ఫైటర్ పైలట్ కావాలనే కల పిల్లల్ని ఎలా మారుస్తుంది?

"పెద్దయ్యాక ఏమవుతావు?" అని తరగతిలో అడిగితే ఏటా ఒకరిద్దరైనా "ఫైటర్ పైలట్" అంటారు. మిగతా పిల్లలు నవ్వుతారు. ఇంట్లో చెబితే, "మనలాంటోళ్లకు అవన్నీ ఎందుకు బేటా, టెన్త్ అయ్యాక మెకానిక్ షాపులో చేరు" అంటారు. పనిలో చేరడం తప్పు కాదు. కానీ "మనలాంటోళ్లు" అన్న మాట పిల్లవాడి మనసులో నాటుకుంటుంది. తానెవరో, ఎంతవరకు వెళ్లగలడో అక్కడే తేలిపోతుంది.

నిజానికి మనలాంటి వాళ్లు ఆ దారిలో ఎప్పుడో నడిచారు. 1923లో హైదరాబాదులో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్ పద్దెనిమిదేళ్లకే, 1942లో వైమానిక దళంలో చేరి బర్మా యుద్ధరంగంలో విమానం నడిపారు. దేశ విభజన వేళ భారతదేశాన్నే ఎంచుకున్నారు. 1978 నుంచి 1981 వరకు వైమానిక దళాధిపతిగా ఉన్నారు. ఆ పదవి చేపట్టిన తొలి ముస్లిం ఆయనే.

ఇక కల నెరవేరనివారి సంగతి. అబ్దుల్ కలాం గారు డెహ్రాడూన్‌లో పైలట్ ఎంపికకు వెళ్లారు. ఎనిమిది మందికే అవకాశం. ఆయనది తొమ్మిదో స్థానం. కానీ ఆ కల కోసం చదివిన చదువు వృథా కాలేదు, ఆయన్ను రాకెట్ల దగ్గరకు చేర్చింది. 2006లో రాష్ట్రపతి హోదాలో, 74 ఏళ్ల వయసులో, పుణెలో సుఖోయ్ విమానం ఎక్కారు. ఆ చదువుకు ఫీజు కట్టడానికి అక్క జొహరా తన బంగారు గాజులు తాకట్టు పెట్టిన సంగతి దాతలు గుర్తుంచుకోదగ్గది.

ఇప్పటి దారి ఇది. ఇంటర్‌లో ఎంపీసీ చదవాలి. పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నరేళ్ల మధ్య ఎన్డీఏ పరీక్ష రాయాలి. ఇది ఏటా రెండుసార్లు జరుగుతుంది. రాతపరీక్షకు 900 మార్కులు, ఆ తర్వాత ఐదు రోజుల ఇంటర్వ్యూకు మరో 900. ఎంపికైతే ఖడక్‌వాస్లాలో మూడేళ్లు చదువు, తర్వాత మన దుండిగల్‌లో విమాన శిక్షణ. శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. ఆడపిల్లలకూ దారి తెరుచుకుంది. 2016 జూన్‌లో దేశపు తొలి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు దుండిగల్‌లోనే పట్టా అందుకున్నారు. 2022 నుంచి ఎన్డీఏలోనూ అమ్మాయిలను చేర్చుకుంటున్నారు.

ఈ కల పట్టుకున్న పిల్లవాడు పొద్దున్నే లేచి పరుగెత్తుతాడు. లెక్కలంటే పారిపోడు. గుట్కా జోలికి పోడు. ఇంగ్లిష్‌లో రెండు మాటలు తప్పుగానైనా మాట్లాడతాడు. సీటు వచ్చినా రాకపోయినా ఆ అలవాట్లు అతనివే. ఇంజనీరు అయినా, కానిస్టేబుల్ అయినా, టీచరు అయినా అవి వెంట వస్తాయి.

దాతలు చేయగల సాయం పెద్దదేమీ కాదు. ఎనిమిదో తరగతిలోనే కంటి పరీక్ష చేయించాలి. రంగులు సరిగా గుర్తించలేని పిల్లలు పైలట్ కాలేరు. ఆ సంగతి ముందే తెలిస్తే మరో దారి చూపవచ్చు. టెన్త్ తర్వాత ఎంపీసీలో చేరే పిల్లలకు రెండేళ్ల ఫీజు, పుస్తకాలు, ఇంగ్లిష్ ట్యూషన్ కావాలి. సెలవుల్లో ఒకసారి దుండిగల్ వైపు తీసుకెళ్లి, పైన ఎగిరే శిక్షణ విమానాలను చూపిస్తే ఇంకా మంచిది. అవి నడుపుతున్నది తమకన్నా నాలుగైదేళ్లు పెద్ద పిల్లలేనని కళ్లారా తెలుసుకుంటారు.