పేరుకే అపరిమితం.. వేగానికి కళ్లెం!
- రోజువారీ కోటా దాటితే నత్తనడకే
- షరతులు చూడకుంటే విద్యార్థులకు చిక్కులే

ఉస్మానియా యూనివర్సిటీ, తార్నాక: అన్‌లిమిటెడ్ ప్లాన్‌తో రీఛార్జి చేయించుకున్నా రాత్రయ్యేసరికి ఫోనులో ఇంటర్నెట్ ముందుకు కదలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతి గృహాల్లో, తార్నాక పరిసరాల్లోని అద్దె గదుల్లో ఉంటూ పోటీ పరీక్షలకు సన్నద్ధమవుతున్న విద్యార్థుల్లో చాలామందికి పాఠాలు, నమూనా పరీక్షలు, దరఖాస్తులకు మొబైల్ డేటాయే ఆధారం. ప్రకటనల్లో కనిపించే ‘అపరిమితం’ అసలు దేనికి వర్తిస్తుందో తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

ఆగదు.. సాగదు
ప్రీపెయిడ్ ప్లాన్లలో అపరిమితం అనే మాట ప్రధానంగా కాల్స్‌కు సంబంధించినది. డేటాకు మాత్రం రోజుకు 1, 1.5 లేదా 2 జీబీ వంటి పరిమితి ఉంటుంది. అది దాటినా సేవ పూర్తిగా నిలిచిపోదు కానీ, వేగం పడిపోతుంది. జియో, ఎయిర్‌టెల్ రోజువారీ ప్లాన్ల షరతుల్లో ఈ వేగం 64 కేబీపీఎస్. అంటే సెకనుకు 8 కిలోబైట్లు మాత్రమే. ఈ లెక్కన 10 ఎంబీ ఉన్న పాత ప్రశ్నపత్రాల ఫైలు దిగడానికి 20 నిమిషాలకు పైగా పడుతుంది. వీడియో పాఠాల సంగతి చెప్పనక్కరలేదు. 2 ఎంబీపీఎస్ వేగం తీసుకునే వీడియో గంటకు సుమారు 900 ఎంబీ ఖర్చు చేస్తుంది. 1.5 జీబీ కోటా గంటా నలభై నిమిషాల్లో కరిగిపోతుంది.

అర్ధరాత్రి తంటా
రోజువారీ కోటా సాధారణంగా అర్ధరాత్రి 12 గంటలకు తిరిగి మొదలవుతుంది. కొన్ని ఆన్‌లైన్ దరఖాస్తుల గడువు మాత్రం చివరి రోజు రాత్రి 11.59 గంటలకే ముగుస్తుంది. పగలంతా పాఠాలకు డేటా వాడేసి, రాత్రి ఫొటో, సంతకం అప్‌లోడ్ చేయబోయే అభ్యర్థికి ఆ చివరి గంటలోనే వేగం కరవవుతుంది. ఫీజు చెల్లింపు మధ్యలో ఆగిపోయే ప్రమాదమూ లేకపోలేదు.

పరిమితి ఎందుకు?
ఒక టవరు పరిధిలోని వారంతా అదే స్పెక్ట్రమ్‌ను పంచుకోవాలి. కొందరు అతిగా వాడితే మిగిలినవారికి వేగం తగ్గుతుందన్నది కంపెనీల వాదన. 2016 సెప్టెంబరులో జియో సేవలు ఉచితంగా ప్రారంభమైనప్పుడు కూడా 4జీ డేటాకు రోజుకు 4 జీబీ హద్దు ఉంది. 2017 జనవరి నుంచి దాన్ని 1 జీబీకి కుదించారు.

నిబంధనలేమంటున్నాయి?
పరిమితి దాటాక స్థిర బ్రాడ్‌బ్యాండ్ వేగం 512 కేబీపీఎస్‌కు తగ్గరాదని ట్రాయ్ 2016 అక్టోబరులో ఆదేశించింది. మొబైల్ డేటాకు మాత్రం అటువంటి కనీస వేగాన్ని ఆ ఆదేశంలో నిర్ణయించలేదు. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 2 ఎంబీపీఎస్‌గా నిర్వచించింది. 64 కేబీపీఎస్ అందులో ముప్పయ్యో వంతుకు కూడా రాదు.

అమెరికాలో ఇదే విషయం వివాదమైంది. అపరిమిత ప్లాన్ అని అమ్మి వేగం తగ్గించారంటూ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో ఏటీ అండ్ టీ సంస్థపై దావా వేసింది. 2019లో ఆ సంస్థ 6 కోట్ల డాలర్ల చెల్లింపునకు అంగీకరించింది.

5జీకీ షరతులే
అపరిమిత 5జీ అందరికీ దక్కదు. 5జీ ఫోను, ఆ ప్రాంతంలో సిగ్నల్, తగిన ప్లాన్ మూడూ ఉండాలి. 2024 జులైలో ఛార్జీలు పెంచినప్పుడు జియో, ఎయిర్‌టెల్ ఈ సదుపాయాన్ని రోజుకు 2 జీబీ, అంతకు మించిన ప్లాన్లకు పరిమితం చేశాయి. గది లోపల సిగ్నల్ తగ్గి ఫోను 4జీకి మారితే వాడకం రోజువారీ కోటా నుంచే తరుగుతుంది.

ఇవి చూసుకోవాలి
- కోటా దాటాక వేగమెంతో రీఛార్జికి ముందే షరతుల్లో చదవాలి.
- గడువు నెలా, 28 రోజులా గమనించాలి. 28 రోజుల ప్లాన్ అయితే ఏడాదికి 13 సార్లు రీఛార్జి తప్పదు. కనీసం ఒక 30 రోజుల ప్లాన్ ఉండాలని 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశించింది.
- వీడియో నాణ్యత తగ్గించుకోవాలి. యాప్‌ల ఆటోమేటిక్ అప్‌డేట్లను నిలిపివేయాలి.
- దరఖాస్తులను కోటా మిగిలి ఉండగానే, ఉదయం పూట పూర్తి చేసుకోవడం మేలు.
- ప్రకటనలో చెప్పిన సేవ అందకపోతే కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నమోదు చేసి సంఖ్య తీసుకోవాలి. పరిష్కారం కాకపోతే కంపెనీ అప్పీలు విభాగాన్ని ఆశ్రయించవచ్చు. టెలికాం ఫిర్యాదులను వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.