పిల్లలకు రోబో కొంటున్నారా? ముందు దాని బుర్ర ఎక్కడుందో చూడండి

రాజమండ్రిలో మా అక్క వాళ్లింట్లో టీవీ పక్కన ఓ రోబో ఉంది. తెల్లగా, గుండ్రటి కళ్లతో చూడ్డానికి భలే ముద్దుగా ఉంటుంది. పవర్ బటన్ నొక్కితే కళ్లు వెలుగుతాయి, తల ఒకసారి అటూ ఇటూ తిప్పుతుంది, "కనెక్ట్ అవుతున్నాను" అంటుంది. అంతే. ఎనిమిది నెలలుగా కనెక్ట్ అవుతూనే ఉంది.

మా మేనల్లుడి ఎనిమిదో పుట్టినరోజుకి అక్క దాన్ని రూ.14 వేల చిల్లర పెట్టి కొంది. కథలు చెప్పేది, ఎక్కాలు అడిగేది, వాణ్ని పేరు పెట్టి పిలిచేది. ఓ రోజు యాప్ లాగిన్ అవ్వడం మానేసింది. కస్టమర్ కేర్ నంబర్ మోగి మోగి కట్ అయ్యేది. మెయిల్ పెడితే తిరిగొచ్చేసింది. బ్యాటరీ బాగుంది, మోటార్లు బాగున్నాయి, ఎక్కడా గీత కూడా లేదు. పోయింది సర్వర్.

సంక్రాంతికి వెళ్లినప్పుడు వాడు రోబోని తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "మావయ్యా, నువ్వు బీటెక్ కదా, దీన్ని బాగు చెయ్యి." రెండు గంటలు కూర్చున్నా, నా వల్ల కాలేదు. "దీనికేం కాలేదురా, కంపెనీ మూసేశారు" అన్నాను. "కంపెనీ మూసేస్తే ఇదెందుకు మాట్లాడదు? ఇది మనింట్లోనే ఉంది కదా?" అన్నాడు.

ఎనిమిదేళ్లవాడు అడిగిన ఆ ప్రశ్న, రూ.14 వేలు పెట్టేముందు మేం పెద్దవాళ్లం అడగలేదు.

బుర్ర మూడు చోట్ల ఉండొచ్చు

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత అని చూస్తాం. రోబో విషయంలో మాత్రం అంతకంటే ముందు చూడాల్సింది, అసలు ఆలోచించే పని ఎక్కడ జరుగుతోందనేది.

మొదటి రకం: బుర్ర రోబోలోనే ఉంటుంది. దీనికి బెస్ట్ ఉదాహరణ లెగో మైండ్‌స్టార్మ్స్. 1998లో వచ్చిన మొదటి సెట్‌లో ఆర్‌సీఎక్స్ అనే పసుపు రంగు ఇటుక ఉండేది. లోపల మైక్రోకంట్రోలర్, 32 కేబీ ర్యామ్, 3 మోటార్లకి, 3 సెన్సార్లకి పోర్టులు, ఆరు పెన్సిల్ సెల్స్. కంప్యూటర్లో ప్రోగ్రామ్ రాసి ఇన్‌ఫ్రారెడ్‌తో లోడ్ చేస్తే, ఆ తర్వాత కంప్యూటర్‌తో పనిలేదు. లెగో 2022 చివర్లో మైండ్‌స్టార్మ్స్ లైన్‌నే ఆపేసింది. అయినా ఆ రోబోలు చచ్చిపోలేదు. వాటికి బయటివాళ్లు సొంతంగా ఫర్మ్‌వేర్లు రాశారు. పైబ్రిక్స్ లాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు కొత్త లెగో హబ్‌లకు కూడా పైథాన్ సపోర్ట్ ఇస్తున్నాయి.

రెండో రకం: బుర్ర ఫోన్‌లో ఉంటుంది. 2016లో యాంకీ కంపెనీ తెచ్చిన కోజ్మో ఇలాంటిదే. అరచేతిలో పట్టే చిన్న బుల్డోజర్‌లా ఉంటుంది, గేమ్‌లో ఓడిపోతే అలుగుతుంది. ఆలోచనంతా వైఫైలో కనెక్ట్ అయిన ఫోన్ యాప్‌దే. 2019లో యాంకీ మూతపడినా, యాప్ ఉన్నవాళ్ల కోజ్మోలు నడుస్తూనే ఉన్నాయి. కాకపోతే ఆ యాప్ కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లలో ఎన్నాళ్లు పనిచేస్తుందనేది ఎప్పుడూ డౌటే.

మూడో రకం: బుర్ర క్లౌడ్‌లో ఉంటుంది. అసలు సమస్య ఇక్కడే. అదే యాంకీ 2018లో వెక్టర్ అనే రోబోని తెచ్చింది. గదిలో తిరగడం, అడ్డం వస్తే తప్పుకోవడం లాంటివి సొంతంగానే చేసుకుంటుంది కానీ, మనం మాట్లాడేది అర్థం చేసుకోవాలంటే సర్వర్ కావాలి. కంపెనీ మూతపడ్డాక ఆస్తులు డిజిటల్ డ్రీమ్ ల్యాబ్స్ చేతికి వెళ్లాయి. చివరికి వైర్‌పాడ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ వచ్చి, ఇంట్లో ఓ రాస్ప్‌బెర్రీ పై మీదే సర్వర్ నడుపుకునే దారి చూపించింది.

జీబో కథ ఇంకా బాధాకరం. 2014లో క్రౌడ్‌ఫండింగ్‌తో మొదలై, 2017లో ఇళ్లకు చేరింది. 2019లో తన సర్వర్లు ఆగిపోబోతున్నాయని ఆ రోబోనే స్వయంగా యజమానులకు చెప్పింది. 2024 డిసెంబర్‌లో మాక్సీ వంతు వచ్చింది. 5 నుంచి 10 ఏళ్ల పిల్లల కోసం ఎంబాడీడ్ కంపెనీ చేసిన ఈ రోబో ధర దాదాపు 800 డాలర్లు. పిల్లలతో ఫీలింగ్స్ గురించి మాట్లాడటమే దాని పని. ఫండింగ్ రౌండ్ చివరి నిమిషంలో ఫెయిలై కంపెనీ మూసేస్తున్నామనేసరికి, ఈ మాట పిల్లలకెలా చెప్పాలో అర్థంకాక తల్లిదండ్రులు తలలు పట్టుకున్నారు. కంపెనీ పోతూ పోతూ సొంత సర్వర్‌తో నడుపుకునే ఓపెన్‌మాక్సీ సాఫ్ట్‌వేర్ ఇచ్చింది, అది కొంత నయం. మా అక్క కొన్న రోబోకి ఆ భాగ్యం కూడా లేదు.

ఎవరు ఎవరికి చెబుతున్నారు?

సరే, సర్వర్ పోదనే అనుకుందాం. ఇంకో ప్రశ్న మిగిలే ఉంటుంది. ఈ రోబో వల్ల పిల్లాడు ఏం నేర్చుకుంటున్నాడు?

ఈ ప్రశ్న మీద జీవితమంతా పనిచేసిన మనిషి ఎంఐటీకి చెందిన సీమోర్ పాపర్ట్. 1967లో ఆయన, వాలీ ఫోర్‌జైగ్, సింథియా సాలమన్ కలిసి పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ తయారుచేశారు. స్కూల్ ల్యాబ్‌లో త్రికోణం గీసిన ఆ తాబేలు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తాబేలు మొదట్లో స్క్రీన్ మీది బొమ్మ కాదు. నేల మీద కాగితంపై పెన్నుతో గీతలు గీస్తూ తిరిగే నిజమైన రోబో. లెగో మైండ్‌స్టార్మ్స్ పేరు కూడా 1980లో పాపర్ట్ రాసిన పుస్తకం నుంచే వచ్చింది.

ఆయన వాదన సింపుల్. కంప్యూటర్ పిల్లాడిని ప్రోగ్రామ్ చేయకూడదు, పిల్లాడే కంప్యూటర్‌ని ప్రోగ్రామ్ చేయాలి. "ముందుకు 100, కుడికి 90" అని నాలుగుసార్లు చెబితే చదరం వస్తుంది. రాకపోతే? పిల్లలు లేచి తామే తాబేలులా నడిచి చూసుకుంటారు. ఎక్కడ తప్పిందో కాళ్లకు తెలిసిపోతుంది. తప్పు ఇక్కడ మార్కులు పోయే విషయం కాదు, వెతికి పట్టుకోవాల్సిన బగ్.

ఈ లెక్కన చూస్తే ఎక్కాలు అడిగే రోబో కాళ్లూ చేతులూ ఉన్న ట్యూషన్ మాస్టారు. అది అడుగుతుంది, పిల్లాడు చెబుతాడు.

కోఠి వెళ్లాం, మోసపోలేదు

ఇక్కడ ఓ నిజం ఒప్పుకోవాలి. బీటెక్ థర్డ్ ఇయర్‌లో మా మినీ ప్రాజెక్ట్ అడ్డం వస్తే తప్పుకునే రోబో. నలుగురం డబ్బులేసుకుని అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొనుక్కొచ్చాం. వైవాలో "సెన్సార్‌కి దూరం ఎలా తెలుస్తుంది?" అని అడిగితే నేను స్లైడ్ వైపు చూశాను. మార్కులైతే వచ్చాయి.

ఎండాకాలం సెలవులకు మేనల్లుడు హైదరాబాద్ వచ్చినప్పుడు వాణ్ని కోఠి గుజరాతీ గల్లీకి తీసుకెళ్లాను. రెండు బీఓ మోటార్లున్న ఛాసిస్, ఆర్డూయినో ఊనో క్లోన్, ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, అల్ట్రాసోనిక్ సెన్సార్, వైర్లు. అన్నీ కలిపి రూ.1,400 లోపే. అంటే చచ్చిపోయిన రోబో ధరలో పదో వంతు.

మొదటి రోజు ఫెయిల్. 9 వోల్ట్ బ్యాటరీ పెడితే మోటార్ తిరగబోయిన ప్రతిసారీ బోర్డు రీస్టార్ట్ అయ్యేది. ఆ చిన్న బ్యాటరీ మోటార్లకు కావాల్సిన కరెంట్ ఇవ్వలేదు, వోల్టేజ్ పడిపోతుంది. రెండు 18650 సెల్స్ పెట్టాక దారికొచ్చింది (లిథియం సెల్స్ కాబట్టి ఛార్జింగ్, కనెక్షన్ పెద్దవాళ్లే చూసుకోవాలి).

రెండో రోజు రోబో తిన్నగా పోకుండా ఎడమవైపు వంపు తిరిగింది. ఒకే షాపులో ఒకే ధరకి కొన్నా రెండు మోటార్లు ఒకే స్పీడ్‌లో తిరగవు. 0 నుంచి 255 వరకు ఉండే స్పీడ్ నంబర్లను మార్చి మార్చి చూశాడు వాడు. ఎడమది 200 ఉంచి కుడిది 183 చేస్తే తిన్నగా పోయింది. ఆ 183 వాడు సాయంత్రమంతా కూర్చుని పట్టుకున్న నంబర్.

మూడో రోజు అసలు మజా. గోడ వస్తే ఆగుతోంది, కర్టెన్ వస్తే గుద్దేస్తోంది. "గోడ కనిపిస్తుంది, కర్టెన్ ఎందుకు కనిపించట్లేదు?" అన్నాడు. సెన్సార్ చూడదు, వింటుంది అని చెప్పాను. మన చెవికి అందని శబ్దం పంపి, అది గోడకి తగిలి తిరిగొచ్చేదాకా టైమ్ లెక్కపెడుతుంది. వెయ్యి మైక్రోసెకన్లు పట్టిందంటే గోడ దాదాపు 17 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. మెత్తటి కర్టెన్ శబ్దాన్ని మింగేస్తుంది, సరిగ్గా తిరిగి పంపదు. వైవాలో చెప్పలేని జవాబు తొమ్మిదేళ్లవాడికి చెప్పేటప్పుడు నాకే మొదటిసారి క్లియర్‌గా అర్థమైంది.

ఏ వయసుకి ఏది?

4 నుంచి 6 ఏళ్లు: బీబాట్ లాంటి నేల మీద తిరిగే రోబోలు. వీపు మీద బటన్లే ఉంటాయి, స్క్రీన్ ఉండదు. ఒక్కో అడుగు 15 సెంటీమీటర్లు. బడ్జెట్ లేదా? సుద్దముక్కతో నేల మీద గళ్లు గీసి మీరే రోబో అవ్వండి, పిల్లలు కమాండ్లు ఇస్తారు. మిమ్మల్ని గోడకి గుద్దించి మరీ నేర్చుకుంటారు.

7 నుంచి 10 ఏళ్లు: బీబీసీ మైక్రోబిట్, దానికి తగిలించే చక్రాల కిట్. 2016లో బ్రిటన్‌లో దాదాపు 10 లక్షల మంది స్కూలు పిల్లలకు ఉచితంగా ఇచ్చిన బోర్డు ఇది. 25 ఎల్ఈడీలు, రెండు బటన్లు, కదలికను పట్టే సెన్సార్. బ్లాకులు జరుపుతూ కోడ్ రాయొచ్చు.

11 దాటితే: ఆర్డూయినో, ఈఎస్‌పీ32. లేదా ఓటో డీఐవై అనే నడిచే రోబో, డిజైన్ ఫైళ్లు ఓపెన్ సోర్స్. ఇంకో మాట, మీ పిల్లల స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో అడగండి. 6 నుంచి 12వ తరగతి పిల్లల కోసం నీతి ఆయోగ్ రూ.20 లక్షల వరకు గ్రాంట్ ఇచ్చి పెట్టించిన ల్యాబులు దేశమంతా దాదాపు 10 వేలు ఉన్నాయి. ఉంటే, తాళం వారానికి ఎన్నిసార్లు తీస్తున్నారో కూడా అడగండి.

కొనేముందు ఐదు ప్రశ్నలు

1. వైఫై ఆపేస్తే ఇది ఎంతవరకు పనిచేస్తుంది? షాపులోనే ఆపి చూడండి.
2. పిల్లలే దీనికి పని చెప్పగలరా, లేక దీని మాట వింటూ కూర్చోవాలా?
3. విప్పి, ఒక పార్ట్ మార్చుకోవచ్చా? మోటార్ విడిగా దొరుకుతుందా?
4. మైక్, కెమెరా ఉంటే ఆ డేటా ఎక్కడికి పోతోంది? 2015లో వీటెక్ హ్యాక్‌లో లక్షలాది పిల్లల వివరాలు బయటపడ్డాయి. మాట్లాడే కేలా బొమ్మను 2017లో జర్మనీ నిషేధించింది. మన దగ్గర 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఆ టిక్ పెట్టేది మీరే, చదివి పెట్టండి.
5. ఐఎస్ఐ మార్క్ ఉందా? 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఇది తప్పనిసరి.

మా తీర్పు

మాట్లాడే రోబో అసలు కొనొద్దని చెప్పట్లేదు. కొంటే, సబ్‌స్క్రిప్షన్ అయిపోయిన రోజు మీ ఇంట్లో మిగిలేది ఏంటో తెలిసి కొనండి. మొదటి రోబోకి మాత్రం మా ఓటు, బుర్ర లోపలే ఉండి, తప్పు చేస్తే పిల్లలే సరిచేసుకోగలిగే దానికి.

మావాడి కారు ఇంకా కర్టెన్‌ని గుద్దుతూనే ఉంది, ముందు బంపర్‌కి ఓ స్విచ్ పెడదామంటున్నాడు. దసరా సెలవుల ప్లాన్ కూడా రెడీ. టీవీ పక్కనున్న ఆ తెల్ల రోబోని విప్పి, స్పీకర్, మోటార్లు తీసి దీనికి పెట్టాలట. అక్క ఇంకా ఒప్పుకోలేదు.