అవధానం – మనోనిబ్బరం

'అవధానం' అనే మాటకు ఏకాగ్రత అని అర్థం. తెలుగువారు ఈ మనోధర్మాన్ని ఒక సభావిద్యగా తీర్చిదిద్దుకున్నారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధానిని పరీక్షిస్తారు. ఒకరు సమస్య ఇస్తారు. మరొకరు పొంతన లేని నాలుగు పదాలిచ్చి, వాటితో పద్యం చెప్పమంటారు. వేరొకరు వర్ణన కోరుతారు. అవధాని ఈ పద్యాలను ఒక్కసారిగా పూర్తి చేయరు. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చెప్పి, తరువాతి పృచ్ఛకుని వైపు మరలుతారు. నాలుగు ఆవృత్తులు ముగిసిన పిదప పద్యాలన్నింటినీ తిరిగి వరుసగా చదవాలి. దీనినే ధారణ అంటారు. చేతిలో కలం గాని, కాగితం గాని ఉండవు.

చూసేవారు జ్ఞాపకశక్తిని మెచ్చుకుంటారు. అది సహజమే. కాని అవధానికి అంతకన్న ముఖ్యమైనది మనోనిబ్బరం. నిషిద్ధాక్షరినే గమనించండి. ఉత్పలమాలలో పద్యం కోరగా, అవధాని 'శ్రీ' అని ప్రారంభించారనుకుందాం. పృచ్ఛకుడు వెంటనే 'ర'ను నిషేధిస్తాడు. 'శ్రీరమ' అనే దారి మూసుకుపోయింది. పోయిన పదాన్నే తలచుకుంటూ కూర్చుంటే పద్యం నిలిచిపోతుంది. 'శ్రీకర', 'శ్రీలలితా' వంటి దారులు ఇంకా తెరిచే ఉన్నాయి. అడుగడుగునా అడ్డు తగులుతున్నా అర్థం చెడకుండా, ఛందస్సు తప్పకుండా సాగడమే ఇందులోని పరీక్ష.

ఇది చాలదన్నట్లు అప్రస్తుత ప్రసంగి ఒకడుంటాడు. అవధాని పాదం కూర్చుకుంటున్న వేళ చూసి, వంటల గురించో సినిమాల గురించో కొంటె ప్రశ్న వేయడమే అతని పని. సభ అంతా నవ్వుతుంది. విసుగు చెందిన అవధాని ధార కోల్పోతారు. తానూ నవ్వి, చమత్కారంగా బదులిచ్చినవారు మళ్లీ విడిచిన చోటికే వస్తారు. ఈలోగా ఎక్కడో గంట మోగుతుంది. అది ఎన్నిమార్లు మోగిందో కూడా చివరన చెప్పాలి.

పరీక్షకు కూర్చున్న విద్యార్థి స్థితి దీనికి దూరమైనదేమీ కాదు. మూడవ ప్రశ్నకు జవాబు సరిగా రాయలేదన్న చింత ఏడవ ప్రశ్న వరకు వెంటాడుతుంది. అవధాని ఒక పృచ్ఛకుని నుండి మరొకరి వైపు తిరిగేటప్పుడు వెనుకటి భారాన్ని దించివేస్తారు. అయితే దించిన చోటు మరువరు. ఈ రెండూ ఒకేసారి సాధ్యం కావడానికి ఛందస్సు తోడ్పడుతుంది. వృత్తపద్యంలో ప్రతి పాదానికీ రెండవ అక్షరంగా ఒకే ప్రాస రావాలి. యతిస్థానమూ నియతమే. ప్రాసాక్షరం స్మరణకు వస్తే దాని వెంట పాదం వస్తుంది. నియమం ఇక్కడ సంకెల కాదు, పట్టుకొమ్మ.

ఈ పట్టు ఒక్కనాటి పట్టుదలతో చిక్కేది కాదు. తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) చర్ల బ్రహ్మయ్యశాస్త్రి వద్ద శిష్యరికం చేశారు. వారు సంస్థానాలలోనూ పట్టణాలలోనూ అవధానాలు చేసి ఈ విద్యకు విశేష ప్రచారం కల్పించారు. పొగడ్తలతోపాటు తీవ్రమైన వాదవివాదాలనూ ఎదుర్కొన్నారు. తిరుపతిశాస్త్రి మరణించిన తరువాత కూడా వేంకటశాస్త్రి అనేక రచనలను జంట పేరుతోనే వెలువరించారు.

అష్టావధానం కొన్ని గంటలలో ముగుస్తుంది. నూరుగురు పృచ్ఛకులుండే శతావధానాన్ని మాత్రం కొన్ని రోజులపాటు ఉదయం, సాయంత్రం సభలుగా విభజించి నిర్వహిస్తారు. ఎంతటి అవధాని అయినా నడుమ నిద్ర, ఆహారం, విశ్రాంతి తప్పనిసరి. పగలంతా కూర్చిన పాదాలు మనసులో కుదురుకోవడానికీ ఆ విరామం కావాలి. చివరిరోజున ధారణకు కూర్చున్న అవధాని, మొదటిరోజు మొదటి పృచ్ఛకునికి చెప్పిన పద్యంతో ఆరంభిస్తారు.