ఇంట్లోనే పాట కట్టుకుందాం!

“అమ్మా! ఒక కీబోర్డు, మంచి మైకు, రెండు పెద్ద స్పీకర్లు... అంతా కలిపి అరవై వేలైతే చాలు. ఇంట్లోనే పాటలు తయారుచేస్తా!”

నాలుగేళ్ళ క్రితం ఇంటర్ పరీక్షలు అయిపోయిన మర్నాడు మా అబ్బాయి అన్న మాటలివి. అరవై వేలు అనగానే నా చేతిలో గరిటె ఆగిపోయింది. “ముందు ఇంట్లో ఉన్నవాటితో ఒక్క పాట చేసి చూపించు, కొనే సంగతి తర్వాత” అన్నాను. ఆ రోజు డబ్బు తప్పించుకోవడానికే అన్నాను గాని, ఇప్పుడు ఎవరడిగినా నిజంగానే అదే సలహా చెబుతున్నాను.

నేను సంగీతం నేర్చుకున్నదాన్ని కాను. మొదట వాడి పక్కన కూర్చుని, వాడు హైదరాబాదు చదువుకు వెళ్ళాక మధ్యాహ్నం పూట ఒక్కదాన్నే కూర్చుని కొంత తెలుసుకున్నాను. మీ పిల్లలకో, మీకే గానీ ఇంట్లో ఎలెక్ట్రానిక్ సంగీతం చేయాలని సరదా ఉంటే ఈ నాలుగు మాటలు పనికొస్తాయి.

ఇది మగపిల్లల ఆట అనుకోకండి. అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో మోగ్ సింథసైజర్ పెట్టినప్పుడు దాని మీద సంగీతం చేసిన కొద్దిమందిలో పఖావజ్ వాయించే గీతా సారాభాయ్ ఒకరు. ఆ టేపులు 2023లో ఆల్బమ్‌గా బయటికొచ్చాయి. బొంబాయి సినిమా వాయిద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో మన రాగాలను సింథసైజర్ల మీద, డిస్కో తాళంలో వాయిస్తే అప్పుడు పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2010లో ఆ రికార్డు మళ్ళీ వచ్చాక ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. ఎ.ఆర్. రెహమాన్ 1992లో “రోజా” పాటలు చేసింది మద్రాసు కోడంబాకంలో తన ఇంటి పెరట్లో కట్టుకున్న స్టూడియోలోనే. అప్పట్లో ఆ సరంజామాకు లక్షలు కావాలి. ఇప్పుడు అందులో చాలా పని చేతిలో ఫోనే చేసిపెడుతోంది.

ఏమేం కావాలి?

మొదటి పాటకు కావలసినవి రెండే: ఫోను గాని పాత కంప్యూటర్ గాని ఒకటి, తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు ఒక జత. తీగ లేని బ్లూటూత్‌వి పనికిరావు. అందులో శబ్దం ఒక్క క్షణం ఆలస్యంగా చెవికి చేరుతుంది. పాట వినడానికి అది తెలియదు గాని, తాళం వాయించబోతే వేలు ఒకచోట, చప్పుడు ఒకచోట పడతాయి.

ఇక సాఫ్ట్‌వేర్. ఐఫోన్ ఉన్నవాళ్ళకు గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. మామూలు ఫోన్లోనూ, కంప్యూటర్లోనూ పనిచేసే బ్యాండ్‌ల్యాబ్‌ను కూడా డబ్బు కట్టకుండా మొదలుపెట్టవచ్చు. గొంతు రికార్డు చేసి కత్తిరించుకోవడానికి కంప్యూటర్లో ఆడాసిటీ ఉంది, అదీ ఉచితమే. పిల్లలు ఎఫ్ఎల్ స్టూడియో పేరు చెబుతారు. మంచిదే, కానీ ఉచితంగా ఇచ్చే దాంట్లో దాచుకున్న పాటను మళ్ళీ తెరిచి సవరించుకోలేము. ఏదో ఒకటి ఎంచుకుని ఆరు నెలలు దాన్నే పట్టుకోండి. వారానికొకటి మార్చేవాళ్ళకు పాట రాదు, సాఫ్ట్‌వేర్ల పేర్లు మాత్రం వస్తాయి.

మూడు పాటలు పూర్తి చేశాక కూడా సరదా తగ్గకపోతే అప్పుడు కొనండి. మొదట కొనవలసింది కంప్యూటర్‌కు తగిలించే 25 మెట్ల చిన్న మిడి కీబోర్డు. దానికి సొంత చప్పుడు ఉండదు. ఏ మెట్టు నొక్కారో కంప్యూటర్‌కు చెబుతుంది, శబ్దం కంప్యూటర్ ఇస్తుంది. పెద్ద స్పీకర్లు అన్నిటికంటే చివర.

మొదటి పాట - మొదటి తప్పు

అరవై వేలు రావని తేలాక మా వాడు వాళ్ళ నాయినమ్మ మీద పడ్డాడు. మా అత్తమ్మ బోధన్ శక్కర్‌నగర్ క్వార్టర్లలో కాపురం చేసిన మనిషి. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. మా మామయ్య అందులోనే పనిచేశారు. తొమ్మిది రోజుల బతుకమ్మకూ ఆ లైన్లలో పాట ఎత్తుకునేది అత్తమ్మే. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. అత్తమ్మతో చప్పట్లు కలిపినవాళ్ళు తలో ఊరికీ పోయారు. ఆ పాటలు ఇప్పుడు నిజామాబాదులో మా వంటింట్లో, చింతపండు గింజలు తీసుకుంటూ ఆమె ఒక్కతే పాడుకునే పాటలయ్యాయి.

పుట్టింటి నుంచి తెచ్చుకున్న పొడుగు పాట ఒకటుంది ఆమె దగ్గర. పావుగంట పడుతుంది. ఫ్యాను తిరుగుతుండగానే ఫోన్లో దాన్ని రికార్డు చేసి, కింద పెళ్ళి ఊరేగింపు డీజే లాంటి దరువు వేసి, రెండు రోజుల్లో పాట తయారుచేశాడు. ఇల్లు అదిరింది. అత్తమ్మ ఆసాంతం విని, “నా గొంతు ఇనవడుతలేదు బిడ్డా. గిది నా పాటేనా?” అంది. అందరం నవ్వేశాం. మళ్ళీ తీరిగ్గా చేద్దాంలే అనుకున్నాం.

ఆ దసరా వెళ్ళిన నెలకే అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. మనిషి కోలుకుంది, నడుస్తోంది. కానీ మాట తడబడుతోంది. ఆ పొడుగు పాట మధ్యలో చరణాలు గుర్తుకు రావు. ఫోన్లో వెతికితే ఒట్టి గొంతు రికార్డు లేదు! చోటు చాలడం లేదని మావాడు దాన్ని తుడిచేసి, దరువు కలిపిన పాటను మాత్రమే ఉంచాడు. పాటలోంచి గొంతును విడదీసే సాఫ్ట్‌వేర్లు ఈమధ్య వచ్చాయి గదా, అదీ చేసి చూశాం. గొంతు వచ్చింది గాని, బావి లోపలి నుంచి పిలుస్తున్నట్టు వచ్చింది.

అందుకే నేను చెప్పే మొదటి సూత్రం ఇది: ఒట్టి గొంతు రికార్డును ఎన్నడూ తుడిచేయకండి. కలపటం, కోయటం అన్నీ దాని నకలు మీదే చేయండి. అసలును పేరు, తేదీ రాసి రెండు చోట్ల దాచండి. ఒకటి ఫోన్లో ఉంటే ఇంకొకటి పెన్‌డ్రైవ్‌లోనో, కంప్యూటర్లోనో ఉండాలి.

గొంతు రికార్డు చేసేటప్పుడు

వంటింట్లో, హాల్లో వద్దు. టైల్సు, ఒట్టి గోడలు గొంతును తిరిగి కొడతాయి. బట్టల అల్మారా తలుపులు తెరిచి, దాని ముందు మంచం మీద కూర్చోబెట్టండి. వెనక ఒక బొంతో, దుప్పటో వేలాడదీయండి. మెత్తటి బట్ట ప్రతిధ్వనిని తాగేస్తుంది. ఫ్యాను, కూలరు ఆపండి. ఎండాకాలమైతే తెల్లవారుజామున పెట్టుకోండి. వీధిలో రద్దీ కూడా ఉండదు. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే పాట ఆగిపోతుంది.

మైకుకూ నోటికీ మధ్య జానెడు దూరం ఉండాలి, అదీ సూటిగా కాకుండా కాస్త పక్కకు. లేకపోతే ప, భ లాంటి అక్షరాల దగ్గర గాలి ‘ఫట్’ మంటుంది. ముందు గట్టిగా పాడే చోటు ఒకసారి పాడించి తెరమీద గీత చూడండి. ఎర్ర రంగులోకి పోతే శబ్దం చిరిగిపోయినట్టు లెక్క. తక్కువైన గొంతును తర్వాత పెంచుకోవచ్చు గాని, చిరిగినదాన్ని కుట్టలేం. దాచేటప్పుడు ఎంపీ3 బదులు వేవ్ ఫైలుగా దాచండి. చోటు ఎక్కువ తింటుంది గాని గొంతులో ఏమీ పోదు.

తాళం ఎవరి వెనక నడవాలి?

సాఫ్ట్‌వేర్ తెరవగానే ఒక అంకె కనిపిస్తుంది, దాన్ని బీపీఎం అంటారు. అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలని. 60 అని పెడితే గోడ గడియారం సెకన్ల నడక. 120 అంటే దానికి రెట్టింపు. గంతులేయించే పాటలు 120, 130 దగ్గర ఉంటాయి. జోలపాట 60, 70 దగ్గర హాయిగా ఉంటుంది.

దాని పక్కనే 4/4 అని ఇంకొకటి ఉంటుంది. మా వాడు దాన్ని చూసుకోకుండా వదిలేశాడు. సాఫ్ట్‌వేర్ అడక్కుండానే నాలుగు లెక్కలో నడుస్తుంది. మన ఉయ్యాల పాటల్లో, కోలాటం పాటల్లో మూడు, ఆరు లెక్కలతో ఊగేవి ఎన్నో ఉన్నాయి. అలాంటి పాటకు నాలుగు లెక్క దరువు వేస్తే మాట ఒకవైపు, దెబ్బ ఇంకోవైపు లాగుతాయి. ముందు చప్పట్లు కొట్టి లెక్కపెట్టుకోండి. మూడు వస్తుంటే 3/4 గాని 6/8 గాని పెట్టుకోండి.

పెద్దవాళ్ళ పాట గడియారంలా నడవదు. సంతోషం దగ్గర తొందరపడుతుంది, దుఃఖం దగ్గర ఆగుతుంది. వాళ్ళ చెవుల్లో టిక్కుటిక్కులు పెట్టి పాడమంటే పాట చచ్చిపోతుంది. వాళ్ళను వాళ్ళ తీరున పాడనిచ్చి, చరణం చరణానికీ మన తాళాన్నే కొద్దిగా ముందుకూ వెనక్కూ జరపాలి. పని ఎక్కువే, కానీ పాట మిగులుతుంది. శ్రుతి కూడా అంతే. ముందు ఆమె ‘స’ ఏ మెట్టు మీద ఉందో కీబోర్డు మీద వెతుక్కుని, వాయిద్యాలను అక్కడికి తెచ్చుకోవాలి.

మన వంటిల్లే వాయిద్యశాల

డ్రమ్ముల చప్పుళ్ళు అందరి సాఫ్ట్‌వేర్లోనూ ఒకటే. అందుకే అందరి పాటలూ ఒకేలా ఉంటాయి. మన ఇంటి చప్పుళ్ళు ఇంకెవరి దగ్గరా ఉండవు. చాటలో బియ్యం చెరిగిన చప్పుడు కాస్త కత్తిరించి వరసగా పేరిస్తే గిలక్కాయ తాళమవుతుంది. రోట్లో రోకటి పోటును కొంచెం కిందికి దించితే పెద్ద డ్రమ్ము. గాజుల గలగల, ఇత్తడి చెంబు మీద ఉంగరం దెబ్బ, కుక్కర్ మూత... ఒక్కొక్కటి ఐదారుసార్లు రికార్డు చేసుకోండి. వీటిని శాంపిల్స్ అంటారు. ఇలా చేస్తే పైసా ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కలపటం, రుచి చూడటం

ముందు గొంతును మాత్రమే హాయిగా వినబడేలా పెట్టండి. తర్వాత ఒక్కొక్క వాయిద్యమూ సున్నా నుంచి పెంచుతూ రండి. గొంతులో మాట అర్థం కాకుండా పోయిన చోట ఆగి, ఒక మెట్టు వెనక్కి రండి. గొంతు మీద లో కట్ అనే మీట వేసి 80 హెర్ట్జ్ దగ్గర పెడితే కింది గుంయి చాలావరకు పోతుంది. రివర్బ్ అనే ప్రతిధ్వని మాత్రం ఉప్పులాంటిది. ఉందని తెలియకూడదు, తీసేస్తే మాత్రం తెలియాలి.

అయిపోయిందనుకున్నాక ఆ రోజు వదిలేయండి. మర్నాడు తాజా చెవితో వినండి. ఇయర్‌ఫోన్లోనే గాక ఫోను స్పీకర్లోనూ, ఇంట్లో టీవీలోనూ విని చూడండి. మూడు చోట్లా మాట తెలిస్తే పాట సరిగ్గా ఉన్నట్టే.

మొదలుపెట్టినవాళ్ళలో ఎక్కువమంది ఆగిపోయేది సగం పాట దగ్గరే. అర నిమిషం ముక్కలు పాతిక ఉంటాయి, పూర్తయిన పాట ఒక్కటీ ఉండదు. రెండు నిమిషాల పాటైనా సరే, బాగా లేకపోయినా సరే, పూర్తి చేసి పేరు పెట్టండి. నేర్చుకునేది అక్కడే.

ఇవీ మరిచిపోవద్దు

* సినిమా పాట ముక్క తీసి రీమిక్స్ చేసి యూట్యూబులో పెడితే హక్కుదారులు పట్టుకుంటారు. జానపదం ఎవరి సొత్తూ కాదు, నిజమే. కానీ ఎవరో పాడి రికార్డు చేసిన జానపదం వాళ్ళ సొత్తే.

* ఇంట్లో పెద్దవాళ్ళ పాటైనా సరే, నలుగురిలో పెట్టేముందు అడగండి, పేరు వేయండి.

* చెవులు జాగ్రత్త. 80 డెసిబెల్స్ శబ్దాన్ని పెద్దవాళ్ళు వారానికి 40 గంటలు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు చాలా తొందరగా తగ్గిపోతాయి. గంటకోసారి ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టండి.

* పిల్లల చదువు పాడవుతుందని భయమైతే రోజుకో గంట అని పెట్టండి. గంటలో పని చేసుకోవడం కూడా ఒక విద్యే.

పోయిన చలికాలం ఉదయాల్లో అత్తమ్మను అల్మారా ముందు కూర్చోబెట్టి, వచ్చినంతవరకే పాడించాను. ఒక రోజు రెండు చరణాలు, ఒక రోజు ఒకటి. పొడుగు పాట పూర్తిగా రాలేదు, ఇక రాదు కూడా. చిన్న పాటలు మాత్రం ఐదు వచ్చాయి. వాటి కింద చాట చప్పుడు, సన్నగా ఒక శ్రుతి, అంతే వేశాను. మొదటిది వినిపించినప్పుడు అత్తమ్మ ఏమీ అనలేదు. బాగున్న ఎడమ చెయ్యి మెల్లగా లేపి మోకాలి మీద తాళం వేసింది.

మా అబ్బాయి సెలవులకు వచ్చి విన్నాడు. “కొంచెం బేస్ పెంచాలమ్మా” అన్నాడు. పెంచుకొమ్మన్నాను, నకలు మీద!

మీ ఇంట్లోనూ పాట ఎత్తుకునే అమ్మో, అత్తమ్మో ఉంటారు. ఏ సాఫ్ట్‌వేరో, ఏ కీబోర్డో రేపు ఆలోచించవచ్చు. ఈ రోజు సాయంత్రం మాత్రం ఫ్యాను ఆపి, ఫోను పక్కన పెట్టి, “ఒక్క పాట పాడమ్మా” అని అడగండి.