బొమ్మకు దొరికిన బేరం, పాటకు దొరకలేదు
అనంతపురం కరువు నేలలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరున్న ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటకు పిలుపులు తగ్గాక కళాకారులు అదే తోలుతో ల్యాంప్‌షేడ్లు చేసి నగరాల్లో అమ్ముతున్నారు. బొమ్మ బతికింది, సంతోషమే. కానీ తెర వెనక రామాయణం పాడే గొంతుకు ఆ దారి దొరకలేదు. చేతికందే వస్తువుకు ధర కట్టడం తేలిక, పాటకు కష్టం. అందుకే సొంతంగా పాడుకునే కళాకారుడు ముందు తన పాటను శుభ్రంగా రికార్డు చేయించి, దానితోపాటే తన పేరూ ఊరూ ఫోన్ నంబరూ జనంలోకి పంపాలి.

యూట్యూబ్ ఉండగా ఇంత ఆలోచనెందుకని అడగవచ్చు. వినేవాళ్లు దొరకడం వేరు, కూడు దొరకడం వేరు. కిన్నెర వాయిస్తూ పాడే మొగిలయ్య 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటతో ఇంటింటికీ పరిచయమయ్యారు, 2022లో పద్మశ్రీ పొందారు. అయినా 2024లో ఆయన కూలిపని చేస్తున్నారని పత్రికలు రాశాయి. ఒక్కసారి మోగిన పేరు ఏడాది పొడవునా పోషించదు. జాతరలు, పెళ్లిళ్లు, కళాశాల వేడుకల నుంచి వరసగా పిలుపులు రావాలి, పారితోషికం ముందే మాట్లాడుకోవాలి. బేరమాడితే కళ చులకనవుతుందన్న పెద్దల మాటను నేను ఒప్పుకోను. ఆకలి దాన్ని ఇంకా చులకన చేస్తుంది. 2012 కాపీరైట్ సవరణ ప్రకారం ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే గాయకుడికి రాయల్టీ హక్కుంది. ఆ హక్కు చేజారకుండా, సంతకం పెట్టే ముందు ఒప్పంద పత్రాన్ని తెలిసినవాళ్లతో చదివించుకోవాలి.